ఉప్పాడని కోస్తున్నది సముద్రం ఒక్కటే కాదు

తుపాను వచ్చిన ప్రతిసారీ టీవీలో ఒకటే బొమ్మ. ఉప్పాడలో కూలిన ఇళ్లు, తెగిపోయిన కాకినాడ బీచ్ రోడ్డు, సముద్రుడి ఆగ్రహం అని వ్యాఖ్యానం. మనలో చాలామంది "అది కోస్తా వాళ్ల గోల, మన కొండలకేం సంబంధం" అని ఫోన్‌లో పైకి తోసేస్తాం. సంబంధం ఉంది. ఆ తీరాన్ని నిలబెట్టే మట్టి మన కొండల మీదుగానే దిగాలి.

సముద్రానికి ఆగ్రహం ఏంటి? చంద్రుడు, సూర్యుడు లాగితే రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. అమావాస్యకీ పున్నమికీ ఇద్దరూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి పోటు పెద్దది. దానికి తుపాను గాలి తోడైతే నీళ్లు ఊళ్లోకొస్తాయి. ఇది ఎప్పుడూ ఉన్నదే. అలలు తీసుకుపోయిన ఇసుకని ఎవరో మళ్లీ తెచ్చిపొయ్యాలి, అంతే. ఆ పని గోదావరిది.

ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన మట్టిని కలుపుకొని, ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి, వేల ఏళ్లుగా సముద్రాన్ని వెనక్కి నెట్టి నేల కట్టిందా నది. కోనసీమ అంటే అదే. అక్కడ కొబ్బరి తోటల మధ్య కనబడే పాత ఇసుక దిబ్బలు ఒకప్పటి తీరాలు. నైరుతి కాలపు అలలు ఆ ఇసుకని తీరం వెంట ఉత్తరానికి జరుపుతాయి. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ అలా పుట్టిందే.

ఇప్పుడు లెక్క చూడండి. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ప్రచురించిన దాని ప్రకారం, 1970లలో గోదావరి ఏటా డెల్టాకి తెచ్చిన ఒండ్రు దాదాపు 15 కోట్ల టన్నులు. 1990లకి 6 కోట్ల టన్నుల లోపు. 1976 నుంచి 2001 దాకా డెల్టా అంచున కొత్తగా చేరిన నేల తీసేసినా, 18 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసిపోయింది. మిగతా ఒండ్రు ఎక్కడుంది? పైనున్న జలాశయాల అడుగున.

ఉప్పాడ కోతకి ఆనకట్టలొక్కటే కారణం అని నేననడం లేదు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరిగేకొద్దీ అలల జోరు అటు మళ్లింది, పోర్టు కట్టడాల పాత్రా ఉంది. కానీ సర్కారు జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే, గోడ. రాళ్లు పోశారు. ఇసుక నింపిన జియోట్యూబులు పరిచారు, అవీ దెబ్బతిన్నాయి. గోడకి కొట్టుకున్న అల దాని కాళ్ల కింది ఇసుకనే తవ్వుకుపోతుంది, గోడ అయిపోయిన చోట పక్క ఊరిని పట్టుకుంటుంది. కోరింగ మడ అడవి ఖర్చు లేకుండా అలల్ని ఆపుతుంది. అయితే మడకీ ఒండ్రు కావాలి. ఇటు రాజమండ్రి ర్యాంపుల్లో ఇసుక లారీలెక్కిపోతుంటే, అటు ఇసుక కోసం కోట్లు పోసి గోడలు! ఎవరిని వెర్రివాళ్లని చేస్తున్నారు?

ఇక పోలవరం. డెల్టా రైతు కోసం మీరు త్యాగం చెయ్యండి అని కోయలకీ కొండరెడ్లకీ చెప్పారు. 2014లో మండలాల్నే రాష్ట్రం మార్చేశారు. 2022 జూలైలో కూనవరం, వీఆర్ పురం, చింతూరు ఎలా మునిగాయో మీలో చాలామంది కళ్లారా చూశారు. నీళ్లు 45.72 మీటర్లకి నిలిపితే మన పొలాల మీద కూర్చునేది ఏది? డెల్టాకి పోవాల్సిన ఆ ఒండ్రే. మన దగ్గర భూమి లాక్కుని ఎవరికి ఇస్తామన్నారో, ఆయన భూమి అంచు కూడా తరిగిపోతుంది. ఈ మాట డెల్టా రైతుకి ఎవరూ చెప్పలేదు, మనమే చెప్పాలి. ఉప్పాడ మత్స్యకారుడు మనకి పోటీ కాదు, అతనూ నిర్వాసితుడే. అతనికి ఆ పేరుతో ప్యాకేజీ కూడా లేదు.

కాబట్టి ఈసారి గ్రామసభలో పునరావాసం ప్రశ్నలతో పాటు ఇవి కూడా తీర్మానంలో రాయించండి. పోలవరంలో ఏటా ఎంత ఒండ్రు ఆగుతుంది? వరద రోజుల్లో దాన్ని కిందికి వదిలే ఏర్పాటేంటి? ప్రాజెక్టు నష్టాన్ని సముద్రం దాకా ఎవరు లెక్కగట్టారు? ఆ కాగితం తెలుగులో ఇవ్వమనండి. తీర్మానం నకలొకటి ఉప్పాడ మత్స్యకార సంఘాలకి పంపండి.