ఫోను చెప్పిన పేరు మందుకు చాలునా?

ఆకును ఫోను ముందు పట్టుకుంటే క్షణంలో దాని పేరు తెరపై కనిపించే కాలమిది. పెరట్లోనో, దారి పక్కనో కనిపించిన మొక్క ఏమిటో తెలుసుకోవాలన్న కుతూహలం మంచిదే. ఆ కుతూహలం లేకనే ఎన్నో ఔషధులు కలుపు మొక్కల పేరిట చెత్తకుప్పల పాలవుతున్నాయి. కనుక ఈ సాధనాన్ని నేను స్వాగతిస్తున్నాను. అయితే ఫోను చెప్పిన పేరునే నమ్మి కషాయం కాచుకోవటం తగదని పాఠకులకు మనవి చేస్తున్నాను.

యంత్రం ఆకును ఎట్లా గుర్తిస్తుందో ముందుగా తెలుసుకోవాలి. 2011లో అమెరికాలో కొలంబియా, మేరీలాండ్ విశ్వవిద్యాలయాలు, స్మిత్సోనియన్ సంస్థ కలిసి ‘లీఫ్‌స్నాప్’ అనే సాధనాన్ని రూపొందించాయి. తెల్లని కాగితంపై ఉంచిన ఆకును ఫొటో తీస్తే, ఆకు అంచు వంపులను కొలిచి, తన వద్దనున్న బొమ్మలతో పోల్చి అది పేర్లు సూచించేది. అది ఎరిగినవి ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలోని 185 జాతుల చెట్లు మాత్రమే. మన వేపాకును దాని ముందుంచితే వేప అని ఎట్లా చెప్పగలదు? తానెరిగిన వాటిలో దగ్గరగా ఉన్నదానినే చూపగలదు.

ఫ్రాన్సులో పుట్టిన ‘ప్లాంట్‌నెట్’ వంటి నేటి సాధనాలు వేలాది జాతులను ఎరుగును. ఆకుతోపాటు పువ్వును, కాయను, బెరడును కూడా అవి పోల్చగలవు. అయినా వాటి సమాధానం అంచనాయే గాని నిశ్చయం కాదు. అందుకే పేరు పక్కన ఒక అంకెను, దాని కింద మరికొన్ని పేర్లను చూపుతాయి. వాటిని గమనించక మొదటి పేరునే పట్టుకోవటం ప్రమాదకరం.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో తిప్పతీగ ఉదంతం చెబుతుంది. కరోనా కాలంలో అనేకులు తిప్పతీగ కషాయం సేవించారు. 2020 చివరి నెలలలో ముంబయిలో దానిని వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో అక్కడి వైద్యులు ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ తిప్పతీగ సురక్షితమేనని, దానిని పోలిన ‘టినోస్పోరా క్రిస్పా’ అనే తీగ హాని చేయవచ్చునని తెలిపి, రెండింటి భేదాలను వివరించింది. ఆకులు రెండూ హృదయాకారమే. తిప్పతీగ కాండం ఆకుపచ్చన, క్రిస్పా కాండం బూడిదరంగు. క్రిస్పా కాండంపై బొడిపెలుంటాయి, పాలవంటి స్రావం ఉంటుంది. తిప్పతీగకు ఈ రెండూ లేవు. తిప్పతీగ పువ్వుకు ఆరు రేకులు, క్రిస్పాకు మూడు. తిప్పతీగ పండు గుండ్రని ఎరుపు, క్రిస్పా పండు కోలగా నారింజరంగు. ఆకు ఫొటో ఒక్కదానిలో ఇవేవీ కనిపించవు.

మందుకు ముఖ్యంగా వాడేది తిప్పతీగ కాండమే. గురుకులంలో మాకు ఆకు చూపి పాఠం ముగించలేదు. కాండం కోయించి చూపారు. అడ్డంగా కోస్తే చక్రంవలె కనబడుతుంది గనుక ‘చక్రలక్షణిక’ అనీ, కోసిన ముక్క మరల మొలుస్తుంది గనుక ‘ఛిన్నరుహ’ అనీ దానికి పేర్లు. మన పూర్వులు పేరులోనే పరీక్షను దాచారు. గుంటగలగరాకును నలిపి అరచేతిలో రుద్దితే కొద్దిసేపటికి నల్లబడుతుంది. స్పర్శ, వాసన, రుచి, నలిపితే మారే రంగు – ఇవి కెమెరా కంటికి అందనివి.

అట్లని యంత్రాన్ని తిరస్కరించటం వివేకం కాదు. దానికి చూపిన ఫొటోలే దాని విద్య. మన కొండలలో, పొలాలలో పెరిగే ఔషధులను పువ్వు, కాయ, బెరడు, కోసిన కాండంతో సహా ఋతువారీగా ఫొటోలు తీసి, సరియైన పేర్లతో అందించవలసిన బాధ్యత వైద్యులది, వృక్షశాస్త్రజ్ఞులది. అది మనం చేయకపోతే యంత్రం మన మొక్కలను ఎన్నటికీ సరిగా నేర్వదు.

గృహస్థులకు నా సూచన ఇది. మొక్క పేరు తెలుసుకోవటానికి ఫోను వాడండి. లోపలికి పుచ్చుకోవలసి వస్తే మాత్రం పువ్వు, కాయ, కాండం ఉన్న కొమ్మను తెలిసిన వైద్యునికి చూపండి. వాడిన మొక్క ముక్కను కొంత దాచి ఉంచండి. కాలేయవ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగక ఏ ఆకు పసరూ సేవించరాదు. కషాయం వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురురంగుకు మారినా, వెంటనే దానిని మాని, దాచిన ముక్కతో ఆసుపత్రికి వెళ్ళండి. ఏ మొక్క తిన్నారో వైద్యులు నిర్ధారించుకోవటానికి అదే ఆధారం.