గాలికి పోయే మట్టికి లెక్క ఎవరు రాస్తారు?

వాన రాకపోతే కరువు మండలమని ప్రకటిస్తారు. పంట ఎండితే బీమా లెక్కలు వేస్తారు. పొలంలో మట్టే గాలికి లేచిపోతే ఆ నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారిని రాయదుర్గం వైపు సేద్యం చేసే నేను ఇంతవరకు చూడలేదు.

జూన్ నుంచి ఆగస్టు లోపల అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాలకు ఒకసారి రండి. పడమటి గాలి ఎండిన వేదవతి ఏటి (మేం హగరి అంటాం) ఇసుకను ఎత్తి పొలాల్లో పోస్తుంది. దర్గా హొన్నూరు దగ్గర దిబ్బలే లేచాయి. అలాగని నేరమంతా ఏటి మీదికి నెట్టలేం. హగరికి దూరంగా ఉన్న ఎర్రనేలల్లోనూ మన్ను లేస్తోంది. చెనక్కాయను వేళ్లతో సహా పీకుతాం. కట్టె పశువుల మేతకు ఇల్లు చేరుతుంది. చేలో మొదళ్లు కూడా మిగలవు. ఆపైన వేసవి దుక్కి. పదును వాన కన్నా ముందు గాలి దిగుతుంది. సారమున్న సన్నమట్టి ఎగిరిపోయి మనకు గరుసు మిగులుతుంది. పోయిన సారాన్ని డీఏపీ బస్తాల్లో కొనితెచ్చుకుంటున్నాం.

గాలికి అడ్డంగా, అంటే ఉత్తర దక్షిణాలుగా, గట్ల మీద చెట్ల వరుస ఉంటే చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. నీడకు గట్టు పక్క సాళ్లు దెబ్బతింటాయన్న మాట నిజమే. ఆ భయం ఉన్నవాళ్లు గ్లిరిసీడియా పెట్టుకోవచ్చు. కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది, నరికిన ఆకు పచ్చిరొట్ట ఎరువవుతుంది. చెనక్కాయలో కంది సాళ్లు మానొద్దు, కోసేటప్పుడు మోళ్లు జానెడు వదలండి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పే పద్ధతిని ప్రకృతి సేద్యం చేసేవాళ్లు ఇప్పటికే చూపించారు.

ఇదంతా రైతు ఒక్కడి వల్ల కాదు. ఏడాది కౌలుకు తీసుకున్నవాడు పరాయి గట్టు మీద చెట్టెందుకు పెంచుతాడు? కట్టె చేలో వదిలేస్తే ఎద్దులకేం వేస్తాడు? ఉపాధి హామీలో మొక్క నాటి ఫొటో తీసుకుంటే చాలదు, మూడు వేసవులు బతికించినందుకు కూలి ఇవ్వాలి. అందులో కౌలుదారుకూ వాటా ఉండాలి. చేలో మోడు వదిలిన రైతుకు ఆ మేరకు మేత ఇవ్వాలి.

1935లో పొలాల ధూళి వాషింగ్టన్ దాకా పోయాక అమెరికా నేల పరిరక్షణ చట్టం చేసింది. మా దుమ్ము అమరావతి దాకా రాదు. అందుకే అడుగుతున్నాం: వచ్చే జూన్ గాలికి ముందే ఈ రెండు మండలాల్లో పని మొదలుపెట్టండి.