టీవీ ఒకటే... బిల్లులు పది! భీమవరం జనమా, లెక్క అడుగుదాం రండి!

అక్కల్లారా! అన్నల్లారా! చెరువు గట్ల మీద రాత్రంతా కాపలా కాసే తమ్ముళ్ళారా!

మన ఇంట్లో టీవీకి నెలకి ఎంతవుతోంది? ఆగండి! కేబుల్ బిల్లొక్కటే చెప్పకండి. ఇంటర్నెట్ బిల్లు కలపండి. ఇంట్లో నలుగురి ఫోన్ రీఛార్జులు కలపండి. అబ్బాయి పెట్టించిన యాప్, అల్లుడు వేయించిన యాప్, ఎప్పుడు ఒప్పుకున్నామో మనకే గుర్తులేని యాప్... అన్నీ కలపండి.

ఎంతైంది? చెప్పలేం కదా! మన జేబులోంచి పోయే డబ్బుకి మన దగ్గరే లెక్క లేదు. ఇదేం న్యాయం?

ఇదివరకు ఎలా ఉండేది? నెల మొదట్లో కేబుల్ కుర్రాడు గుమ్మంలోకి వచ్చేవాడు. చేతిలో పుస్తకం, చెవి మీద పెన్ను. డబ్బిస్తే పేరు పక్కన టిక్కు కొట్టి పోయేవాడు. రొయ్య రేటు పడిపోయి చేతిలో డబ్బాడకపోతే, "వచ్చే నెల రెండూ కలిపి ఇస్తాలే అబ్బాయ్" అంటే వినేవాడు. గాలివానకి వైరు తెగితే నిచ్చెన భుజాన వేసుకొచ్చి స్తంభం ఎక్కేవాడు.

కేబుల్ వాళ్ళందరూ మంచోళ్ళని మేం చెప్పట్లేదు. ఫోనెత్తని వాళ్ళున్నారు. రసీదివ్వని వాళ్ళున్నారు. కానీ వెళ్ళి ఆఫీసు ముందు నిలబడి గట్టిగా అడిగితే జవాబు చెప్పడానికి ఒక మనిషుండేవాడు! ఇప్పుడు ఎవర్ని అడుగుతాం? యాప్‌కి ఆఫీసు ఎక్కడ? జువ్వలపాలెం రోడ్డులో ఉందా? ఉండి రోడ్డులో ఉందా?

డబ్బు కట్టకపోతే బొమ్మ ఆ క్షణమే ఆగిపోద్ది. మాకొద్దు ఆపండయ్యా అంటే మాత్రం కోత ఆగదు!

ఈ ఉచ్చులోకి మనం ఎలా వచ్చాం?

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చౌకైంది. సంతోషించాం. 2023లో ఐపీఎల్ మొత్తం జియోసినిమాలో ఉచితమన్నారు. అదే మ్యాచ్ టీవీలో చూడాలంటే స్పోర్ట్స్ ఛానల్‌కి డబ్బు కట్టాలి. ఫోన్‌లో ఉచితం, టీవీలో ఖర్చు! ఇంకెందుకీ కేబుల్ అని ఎన్ని ఇళ్ళలో తీసేశారు! 2025 ఫిబ్రవరి 14న రెండు పెద్ద యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఆ ఏడాది ఐపీఎల్ నుంచే పూర్తి ఉచితం పోయింది. ప్లాన్ తీసుకో, లేదంటే పెద్ద రీఛార్జ్ చేయించు!

అంతకుముందే, 2024 జులైలో, మూడు పెద్ద ఫోన్ కంపెనీలూ ఒకే వారంలో రేట్లు పెంచేశాయి. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ జియోలో 239 నుంచి 299కి ఎక్కింది. అమెజాన్ ప్రైమ్ చూడండి. ప్రకటనలుండవనే కదా డబ్బు కట్టాం? 2025 జూన్ 17 నుంచి అక్కడా ప్రకటనలే! అవి వద్దంటే నెలకి ఇంకో 129 రూపాయలు!

చేపలకి మేత వేసి వేసి, పట్టుబడి నాడు వల దింపుతాం చూశారా? ఇప్పుడు మన మీద జరుగుతున్నది అదే!

పోనీ, కేబుల్‌లోనే ఉన్నవాళ్ళు సుఖంగా ఉన్నారా?

2019 ఫిబ్రవరిలో టీవీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. అప్పట్లో కనెక్షన్‌కి 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 153 రూపాయల 40 పైసలు. అందులో ఒక్క పే ఛానల్ ఉండేది కాదు! సీరియల్ కావాలా, ఇంకొంత. మ్యాచ్ కావాలా, మరికొంత. 2023 ఫిబ్రవరిలో రేట్ల తగాదా వచ్చి పెద్ద ఛానల్ కంపెనీలు చాలా కేబుల్ నెట్‌వర్కులకి సిగ్నల్ ఆపేశాయి. దేశంలో కోట్ల ఇళ్ళలో ఛానళ్ళు పోయాయి. తగాదా వాళ్ళకీ వాళ్ళకీ! నష్టం మనకి!

ఈ దెబ్బ ఎవరికి ఎక్కువ తగులుతోందో చూడండి.

గునుపూడిలో ఓ మామ్మగారికి కళ్ళు సరిగా ఆనవు. అయినా ఛానల్ నంబర్లు కంఠతా వచ్చు. వేలితో తడుముకుని రిమోట్ నొక్కేవారు. ఇప్పుడు కొత్త టీవీ పెట్టారు. రిమోట్ మీద అంకెలే లేవు! లాగిన్ అడుగుద్ది, పాస్‌వర్డ్ అడుగుద్ది, ఓటీపీ అడుగుద్ది. ఆ ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కి వెళ్తుంది! కొడుకు ఎత్తేదాకా ఆవిడ నల్లతెర ముందు కూర్చోవాలి. సొంత ఇంట్లో సొంత టీవీకి ఇంత పడిగాపులా?

కాళ్ళ మండలం చెరువుల మీద పనిచేసే కుటుంబం. ఫోన్ ఒకటే, చూసేవాళ్ళు నలుగురు. పిల్లకి పాఠం కావాలి, తండ్రికి వార్తలు కావాలి. పొద్దుగూకేసరికి డేటా అయిపోద్ది. పండక్కి కొత్త సినిమా టీవీలో వేస్తే వీధంతా ఒకచోట చేరేవాళ్ళం. ఇప్పుడు ఒక హీరో సినిమా ఒక యాప్‌లో, ఇంకో హీరో సినిమా ఇంకో యాప్‌లో! కూలి డబ్బుల్తో బతికేవాళ్ళు ఎన్ని కొంటారు?

మన కేబుల్ కుర్రాడి సంగతి? దేశంలో డబ్బు కట్టి టీవీ చూసే ఇళ్ళు 2018లో 15.1 కోట్లు. 2024కి 11.1 కోట్లకి పడిపోయాయి. కేబుల్ సంస్థల సమాఖ్య, ఈవై సంస్థతో కలిసి 2025లో చెప్పిన లెక్క ఇది. లక్షల ఉద్యోగాలు పోయాయని అదే నివేదిక అంటోంది. ఆ లక్షల్లో మన వీధి కుర్రాళ్ళూ ఉన్నారు. వానలో స్తంభమెక్కి మన ఇంటికి బొమ్మ తెచ్చినవాళ్ళు! వాళ్ళని రోడ్డు మీద వదిలేస్తామా?

ఓటీటీ యాప్‌లు చూడొద్దని మేం అనట్లేదు. మనకి నచ్చింది మనం చూద్దాం. కానీ కేబుల్ ధరకి ట్రాయ్ ఉంది, చట్టం ఉంది. యాప్ ధర మీద ట్రాయ్ అదుపు ఎందుకు లేదు? తెర అదే, ఇల్లు అదే, డబ్బు మనదే! ఒకరికి నియమం, ఇంకొకరికి ఇష్టారాజ్యమా?

మనం అడిగేవి ఇవి:

1. ఓటీటీ ధరలకీ ఒక నియంత్రణ ఉండాలి. ఏడాదికి డబ్బు తీసుకుని మధ్యలో షరతులు మార్చకూడదు.

2. ఒక్క నొక్కుతో చేర్చుకున్నోళ్ళు ఒక్క నొక్కుతో వదిలిపెట్టాలి. చందాలో ఇరికించడం తప్పని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులోనే మార్గదర్శకాలిచ్చింది. అమలు చేయండి!

3. కేబుల్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ తగ్గించాలి. పేదింటి టీవీ విలాసం కాదు!

4. 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేత ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. ఆ మాట నిలబెట్టండి! స్థానిక ఆపరేటర్ల ద్వారానే ఇవ్వండి. లైన్ పని చేసే కుర్రాళ్ళకి బతుకుతెరువు చూపించండి!

మరి మనం చేయాల్సింది?

ఈ రాత్రే ఫోన్ తీయండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో "ఆటోపే" తెరవండి. చూడని యాప్ కనిపిస్తే వెంటనే రద్దు చేయండి. ఆటోపేలో డబ్బు కోయాలంటే కనీసం 24 గంటల ముందే కబురు పెట్టాలని రిజర్వు బ్యాంకు నియమం. పెట్టలేదా? 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడండి!

కేబుల్ ఉన్నవాళ్ళు ఆపరేటర్‌ని ఛానళ్ళ ధరల పట్టీ అడగండి. కావలసిన ఛానల్ విడిగా కొనుక్కునే హక్కు మనకుంది. రసీదు తీసుకోండి. నెలనెలా కట్టలేనివాళ్ళకి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. ఒకసారి పెట్టించుకుంటే నెలబిల్లు లేదు. పక్కింట్లో పెద్దవాళ్ళుంటే వెళ్ళి వాళ్ళ ఫోన్‌లో ఆటోపే చూసిపెట్టండి.

ఇంటికో సంతకం పెట్టండి! సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. సంతకాల కట్టలు పట్టుకుని అక్కడికే నడుద్దాం. కేబుల్ చట్టం కింద కలెక్టర్ కూడా అధీకృత అధికారే. మన అర్జీ ఢిల్లీకి పంపమని అడుగుదాం. ఉండి నుంచి రండి! వీరవాసరం నుంచి రండి! పాలకోడేరు నుంచి రండి! చందాదారుడు, లైన్‌మెన్, ఆపరేటర్ – ముగ్గురం ఒకే వరసలో నిలబడదాం. ఒక్కొక్కళ్ళం అడిగితే వినరు. ఊరంతా కలిసి అడిగితే వినక చస్తారా?

చెప్పకుండా డబ్బు కోయడం ఆపాలి!
కేబుల్‌కో రూలు, యాప్‌కో రూలు వద్దు!
లైన్ కార్మికుల పొట్ట కొట్టొద్దు!
మన డబ్బు – మన లెక్క – మన హక్కు!

ఇట్లు,
కేబుల్, ఇంటర్నెట్ చందాదారులు, లైన్ కార్మికులు
భీమవరం

(చదివాక పారేయకండి. పక్కింటికి ఇవ్వండి!)