బాయి మీద బాట

తెల్లారకముందే శ్రీరాంపూర్ మేలుకుంటుంది. మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. టిఫిన్ డబ్బా సర్దుతారు. ఇప్పుడంటే వాకిట్లో మోటారు సైకిలుంది కానీ, ఓ తరం కిందట కార్మికుడికి సైకిలే దిక్కు. డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని బాయి దాకా తొక్కడం, మస్టర్ పడ్డాక తలకు లైటు పెట్టుకుని భూమిలోకి దిగడం, డ్యూటీ అయ్యాక నల్లబడ్డ ఒంటితో మళ్లీ అదే సైకిలెక్కడం. ఆ సైకిలే బతుకును మార్చేస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవారేమో!

అలా మారిన బతుకు ఒకటుంది. అది ఇక్కడిది కాదు. ఫ్రాన్సుకు ఉత్తరాన, బెల్జియం సరిహద్దుకు దగ్గర్లో, శ్రీరాంపూర్ లాగే బొగ్గునే నమ్ముకున్న ఓ ప్రాంతానిది. అక్కడి గనిలో పనిచేసిన ఓ కుర్రాడు ప్రపంచ సైక్లింగ్ ఛాంపియన్ అయ్యాడు. అంతటితో ఆగలేదు. తను పనిచేసిన గని మీదుగా వెళ్లే అడవి బాటను ప్రపంచమంతా చూసేలా చేశాడు. అతని పేరు జాన్ స్టాబ్లిన్‌స్కీ.

తప్పుగా రాసిన పేరు

నిజానికి అది అతని పేరు కాదు. 1932 మే 21న పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎడ్వర్డ్ స్టాబ్లెవ్‌స్కీ. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఫ్రాన్సు బొగ్గుగనులకు మనుషులు చాలక పోలెండ్ నుంచి వేలాది కుటుంబాలను రప్పించుకున్నారు. అలా వలస వచ్చిన పోలిష్ కుటుంబంలో పుట్టాడు. కూలి కోసం ఊళ్లు వదిలి సింగరేణికి వచ్చి, ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవారికి ఈ కథ కొత్తేం కాదు.

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇల్లు గడవాలంటే పనిలోకి వెళ్లాల్సిందే. అలా ఆరెన్‌బర్గ్ గనిలో దిగాడు. ఖాళీ దొరికితే అకార్డియన్ వాయించేవాడు, సైకిలు తొక్కేవాడు. పదహారేళ్లకు ఫ్రాన్సు పౌరసత్వం వచ్చింది. పందేల్లో గెలవడం మొదలుపెట్టాక పత్రికలవాళ్లు అతని ఇంటిపేరును తప్పుగా రాశారు. స్టాబ్లెవ్‌స్కీ కాస్తా స్టాబ్లిన్‌స్కీ అయింది. అతనూ దిద్దమని పట్టుబట్టలేదు. ఆ తప్పు పేరే చరిత్రలో నిలిచిపోయింది.

ఒకరు గెలవాలంటే...

1953లో అతను ప్రొఫెషనల్ అయ్యాడు. అంటే సైకిలు తొక్కడమే ఉద్యోగం. ఓ కంపెనీ పేరున్న చొక్కా తొడుక్కుంటారు, ఆ కంపెనీ జీతమిస్తుంది. ఒప్పందం ముగిస్తే మళ్లీ కొత్త జట్టును వెతుక్కోవాలి.

పైకి చూస్తే సైకిలు పందెం ఎవరికి వారు ఆడే ఆటలా ఉంటుంది. నిజానికి అది జట్టు ఆట. రోడ్డు మీద అసలు శత్రువు గాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ వెళ్తుంటే, వెనకే అంటిపెట్టుకుని తొక్కేవాడికి దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకే జట్టులో ఒకడు నాయకుడు, మిగతావాళ్లు అతని కోసం గాలికి ఎదురు నిలిచేవాళ్లు. నీళ్ల సీసాలు మోసుకొస్తారు. నాయకుడి చక్రం పంక్చరైతే తమ చక్రం విప్పి ఇచ్చేస్తారు. తప్పించుకుపోతున్న ప్రత్యర్థిని వెంటాడి పట్టుకొస్తారు. చివర్లో నాయకుడు దూసుకుపోతుంటే వెనకబడిపోతారు. పేపర్లో ఫొటో మాత్రం ఒక్కడిదే. అయితే ఓ మంచి ఆనవాయితీ ఉంది. బహుమతి సొమ్మును జట్టంతా పంచుకుంటారు.

గనిలో పనిచేసినవాడికి ఇది వేరే చెప్పాలా? బాయిలో ఎవరూ ఒంటరిగా బొగ్గు తీయలేరు. కప్పు కూలకుండా సపోర్టు పెట్టేవాడొకడు, తట్టా చెమ్మాస్ పట్టేవాడొకడు, టబ్బులు నడిపించేవాడొకడు. ఒకడి ప్రాణం ఇంకొకడి పనిమీద ఆధారపడి ఉంటుంది.

స్టాబ్లిన్‌స్కీ నాయకుడు జాక్ ఆంక్తిల్. టూర్ డి ఫ్రాన్స్‌ను అయిదుసార్లు గెలిచిన మొట్టమొదటి సైక్లిస్టు అతనే. ఆ విజయాల వెనక నమ్మకమైన తోడు స్టాబ్లిన్‌స్కీ. ఎవరు ఎప్పుడు తప్పించుకుపోతారో, ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో ముందే పసిగట్టేవాడు. అలాగని జీవితమంతా నీడలోనే ఉండిపోలేదు. 1958లో స్పెయిన్ దేశపు పెద్ద పందెం వ్యుయెల్టాను గెలిచాడు. నాలుగుసార్లు ఫ్రాన్సు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. నెదర్లాండ్స్‌లో 1966లో మొదలైన ఆమ్‌స్టెల్ గోల్డ్ రేసుకు తొలి విజేత అతనే.

అన్నిటికంటే పెద్ద రోజు 1962లో వచ్చింది. ఇటలీలోని సాలో పట్టణంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఆ ఒక్కరోజూ కంపెనీ చొక్కాలుండవు, ఎవరి దేశం తరఫున వాళ్లు తొక్కాలి. స్టాబ్లిన్‌స్కీ ఒంటరిగా ముందుకు దూసుకెళ్లి మొదట వచ్చాడు. రెండో స్థానం ఐర్లాండ్‌కు చెందిన షే ఇలియట్‌ది. మిగతా ఏడాదంతా ఇద్దరిదీ ఒకే జట్టు, పైగా ప్రాణ స్నేహితులు. వేరే దేశం చొక్కా వేసుకున్నా ఇలియట్ స్నేహితుణ్ని వెంటాడలేదు. బంగారు పతకానికి అంత దగ్గరగా వచ్చిన ఇలియట్‌కు మళ్లీ ఆ అవకాశం రాలేదు. జట్టు ఆటలోని తీపీ చేదూ రెండూ ఆ ఒక్క పందెంలో కనిపిస్తాయి.

అడవిలో రాళ్ల దారి

పారిస్-రూబే పందెం 1896లో మొదలైంది. పొడవు 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మిగతా పందేలకూ దీనికీ తేడా రాళ్లు. పాతకాలంలో రాతి దిమ్మెలు పరిచి వేసిన పల్లె బాటల మీద తొక్కాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. వానపడితే బురద, లేకపోతే దుమ్ము. ముఖాలు గని నుంచి పైకొచ్చినవాళ్ల ముఖాల్లాగే ఉంటాయి. గెలిచినవాడికిచ్చే బహుమతి కూడా ఓ రాయే!

1960లు వచ్చేసరికి ఈ పందేనికి ఓ చిక్కు వచ్చింది. ఊళ్లు బాగుపడుతున్నాయి, రాళ్ల బాటలన్నీ తారు రోడ్లవుతున్నాయి. రాళ్లు లేకపోతే ఆ పందేనికి విలువేముంది? కొత్త బాటలు వెతికే పని ఆల్బర్ట్ బూవే అనే మాజీ సైక్లిస్టుకు అప్పగించారు. ఆయన స్టాబ్లిన్‌స్కీని అడిగాడు. అతనికి వెంటనే గుర్తొచ్చింది ఆరెన్‌బర్గ్ గని పక్కనున్న అడవి. చెట్ల మధ్య గీత గీసినట్టు 2,300 మీటర్ల పొడవున వెళ్లే రాళ్ల బాట. దాని అడుగునే ఒకప్పుడు తను బొగ్గు తవ్వాడు.

1968లో పందెం తొలిసారి ఆ బాట మీదుగా వెళ్లింది. ఎడ్డీ మెర్క్స్ గెలిచాడు. కెరీర్ చివరి ఏడాదిలో ఉన్న స్టాబ్లిన్‌స్కీ కూడా ఆ పందెంలో తొక్కాడు. ఆ బాట కింద పనిచేసి, ఆ బాట మీద పందెం తొక్కినవాడు అతనొక్కడేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ బాట ఎవర్నీ కనికరించదు. 1998లో బెల్జియం సైక్లిస్టు యోహాన్ మ్యూసియూ అక్కడే పడి మోకాలిచిప్ప పగలగొట్టుకున్నాడు. గాయానికి చీము పట్టి కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత వరకూ వెళ్లింది. రెండేళ్ల తరవాత, 2000లో, అదే పందెం గెలిచి, గీత దాటుతూ ఆ మోకాలిని వేలితో చూపించాడు.

నేల కుంగితే...

బొగ్గు తీసేస్తే పైన నేల కుంగుతుంది. సింగరేణి ప్రాంతంలో ఇది చెప్పక్కర్లేని సంగతి. ఆరెన్‌బర్గ్‌లోనూ అదే జరిగింది. కింద ఖాళీ అయిన గనుల వల్ల బాట కుంగి, రాళ్లు ఎగుడుదిగుడై 2005లో పందేన్ని ఆ దారిన పంపడమే మానేశారు. అక్కడి స్థానిక సంస్థలు డబ్బు ఖర్చుపెట్టి బాగుచేయించాక, 2006లో మళ్లీ సైకిళ్లు వచ్చాయి. రాళ్ల బాటలను కాపాడటానికే 1983లో పుట్టిన ఓ సంఘం ఉంది. ఊడిన రాళ్లను దాని సభ్యులు మళ్లీ చేత్తో పేరుస్తారు.

గని మాత్రం మిగల్లేదు. 1989లో ఆరెన్‌బర్గ్ మూతపడింది. మరుసటేడు ఆ ప్రాంతంలోని ఆఖరి గనీ మూసేశారు. గని కార్మికుల మీద జోలా రాసిన 'జెర్మినల్' నవలను సినిమాగా తీసినప్పుడు షూటింగ్ అక్కడే జరిగింది. ఆ సినిమా 1993లో వచ్చింది. 2012లో యునెస్కో ఆ బొగ్గు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం వేలాదిమంది ఆ అడవి బాట పక్కన నిలబడి సైకిళ్ల కోసం ఎదురుచూస్తారు.

పందేలు మానేశాక స్టాబ్లిన్‌స్కీ జట్లకు శిక్షకుడయ్యాడు. తరవాతి కాలంలో టూర్‌ను అయిదుసార్లు గెలిచిన బెర్నార్ ఇనో ప్రొఫెషనల్‌గా తొలి అడుగులు వేసింది అతని దగ్గరే. 2007 జులై 22న, టూర్ డి ఫ్రాన్స్ జరుగుతుండగానే, స్టాబ్లిన్‌స్కీ కన్నుమూశాడు. అడవి బాట మొదట్లో అతని పేరిట ఓ స్మారక శిల నిలబెట్టారు.

మన బాయి సంగతి?

సింగరేణిలో ఒకప్పుడు లక్షమందికి పైగా పనిచేశారు. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు దాదాపు 40 వేలు. భూగర్భ గనులు తగ్గి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి వచ్చే ఉద్యోగం మీద ఇప్పటికీ ఎన్నో ఇళ్లు ఆశ పెట్టుకున్నాయి. మరోపక్క 'నువ్వు బాయి దిగొద్దు బిడ్డా' అనే తండ్రులూ ఉన్నారు. రెండూ ప్రేమే.

సైకిలు తొక్కితే చాలు, బతుకు మారిపోతుందని చెప్పడానికి లేదు. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైక్లింగ్ ట్రాక్ కట్టారు. అయినా ఇప్పటిదాకా భారతీయుడెవరూ టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కలేదు. రోడ్డు పందేలకు జట్లు కావాలి, జీతాలిచ్చే కంపెనీలు కావాలి, ఏడాది పొడవునా పోటీలు కావాలి. స్టాబ్లిన్‌స్కీకి ఇవన్నీ ఊరి పొలిమేరలోనే దొరికాయి.

శ్రీరాంపూర్ కుర్రాడికి అవి దొరకవు. కానీ ఆరెన్‌బర్గ్ కథలో అతనికి పనికొచ్చే సంగతి ఒకటుంది. బొగ్గు ఏదో ఒక రోజు అయిపోతుంది. గనిని వదిలి వెళ్లినవాడు దాన్ని మర్చిపోనక్కర్లేదు. ఆరెన్‌బర్గ్‌లో గని మూతపడ్డా ఊరి పేరు మూతపడలేదంటే, ఒకడు పెద్దవాడయ్యాక కూడా తన బాయి దారి మర్చిపోలేదు కాబట్టే.