గుట్ట చేనుకు పెద్ద ట్రాక్టర్ కాదు, తగిన ట్రాక్టర్ కావాలి



శుక్రవారం ఏ రూముకు పోయినా ఈ మధ్య ఒకటే మాట వినబడతా ఉంది. "ఈసారి సెలవుకు పోతే ట్రాక్టర్ తీయాలన్నా." మంచి ఆలోచనే. ఎండలో సంపాదించిన డబ్బు నేల మీద పెట్టాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ మనలో చానా మందికి ఉండేది కాలువ కింద మాగాణి కాదు. రాయచోటి, లక్కిరెడ్డిపల్లె, రైల్వేకోడూరు పక్క గుట్ట వాలులో మామిడి తోటలు, గరుసు నేలలు. జగిత్యాల, సిరిసిల్ల వాళ్లకూ గుట్టల అంచున చేన్లు ఉన్నాయి. ఉద్దానం తమ్ముళ్లకు జీడి, కొబ్బరి తోటలు. చెట్లు, రాళ్లు, మొద్దులు, ఎత్తుపల్లాలు. ఇట్లాంటి నేలకు మొదటిసారి ట్రాక్టర్ కొనేవాళ్ల కోసమే ఈ మాటలు.

నా అభిప్రాయం ముందే చెప్తా. చెట్లున్న వాలు నేలకు మొదటి ట్రాక్టర్ చిన్నది కావాలి, నాలుగు చక్రాలూ లాగేది కావాలి, డ్రైవర్ వెనక రోల్ బార్ ఉన్నది కావాలి. ఈ మూడూ కుదరకపోతే కొనొద్దు, బాడుగకు పిలిపించుకోండి.

ఊర్లో దీనికి ఎదురు మాట వస్తుంది. "కువైట్‌లో ఉండి చిన్న బండి తీస్తావా? 50 హెచ్‌పీ తీస్తే బాడుగలకు తిరుగుతుంది, నాలుగు రాళ్లు వస్తాయి, చూసేవాళ్లకు కూడా బాగుంటుంది" అంటారు. చదును నేల, రోడ్డు పని, పెద్ద ట్రాలీ బాడుగలు ఉన్న ఊరికి ఆ మాట నిజమే. మన తోటకు కాదు. 50 హెచ్‌పీ బండి దాదాపు ఆరడుగుల వెడల్పు, బరువు రెండు టన్నుల చిల్లర. కొమ్మలు కిందికి వాలిన మామిడి చెట్ల నడుమ అది తిరగదు. తిరిగినా కొమ్మలు విరుస్తుంది, వేర్లు తెంచుతుంది, నేలను అణిచి గట్టి చేస్తుంది. చిన్న ట్రాక్టర్లలో చానా వరకు మూడున్నర, నాలుగు అడుగుల వెడల్పులోనే ఉంటాయి. చెట్టు మొదలు దాకా పోయి దున్ని వస్తాయి.

చిన్నది అంటే ఎంత? 15 హెచ్‌పీ బండ్లు ఉన్నాయి, మహీంద్రా యువరాజ్ 215 లాంటివి. అవి రెండు చక్రాల మీద లాగేవి. చదునుగా ఉన్న చిన్న తోటకు సరిపోతాయి, గరుసు గుట్టకు కాదు. మనకు కావాల్సింది 24 నుంచి 28 హెచ్‌పీ మధ్య, నాలుగు చక్రాలు లాగేవి. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 ఈ రెండూ 24 హెచ్‌పీ. జాన్ డీర్ 3028, మాసీ ఫెర్గూసన్ 6028 ఈ రెండూ 28 హెచ్‌పీ. నేను ఏ కంపెనీ తరఫునా చెప్పడం లేదు. మీ ఊరికి దగ్గర్లో ఏ కంపెనీ మెకానిక్ ఉన్నాడో, సామాను ఏ షాపులో దొరుకుతుందో చూసి ఆ కంపెనీది తీసుకోండి. వానలు పడి పదును మీద దున్నాల్సిన వారంలో బండి షెడ్డులో పడి ఉంటే, ఎంత పేరున్న కంపెనీ అయినా మనకు పనికిరానట్టే.

నాలుగు చక్రాలు లాగడం అంటే ఎక్కడానికే అనుకుంటారు. దిగేటప్పుడు దాని అవసరం ఇంకా ఎక్కువ. ఈ బండ్లకు బ్రేకులు మామూలుగా వెనక చక్రాలకే ఉంటాయి. వాలు దిగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, బ్రేకు తొక్కితే జారతాయి. నాలుగు చక్రాల గేరు వేసి ఉంటే ముందు చక్రాలు కూడా ఇంజన్‌తో కలిసి బండిని ఆపుతాయి. అందుకే గుట్ట దిగేటప్పుడు అది వేసే ఉండాలి, లో గేరులో దిగాలి, నడిమధ్యలో క్లచ్ తొక్కకూడదు, న్యూట్రల్ చేయకూడదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లున్నారు. మిగిలేది గుక్కెడు డీజిల్, పోయేది మనిషి.

రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం ఒకటి ఉంటుంది. చేన్లో మలుపు తిప్పేటప్పుడు విడదీస్తారు. వాలు మీద, రోడ్డు మీద అది కలిపే ఉండాలి. ఒక పక్క బ్రేకే పడితే బండి గిర్రున తిరిగి పడుతుంది.

ఇక రోల్ బార్ సంగతి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

మనం సైట్‌లో బాబ్‌క్యాట్ ఎక్కినా, ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కినా సీటు బెల్టు లేకుండా తాళం తిప్పనివ్వరు. పైన కేజీ లేని బండిని గేటు లోపలికే రానివ్వరు. పొద్దున్నే నిలబెట్టి సేఫ్టీ మాటలు చెప్తారు, మనం సంతకం పెడతాం. అదే మన ఇంట్లో అరవై ఏళ్ల నాయన బార్ లేని బండి మీద కూర్చుని గుట్ట మీద అడ్డంగా దున్నతా ఉంటే, దాన్ని ఫోన్‌లో వీడియో తీసి స్టేటస్ పెడతాం. ఇక్కడ మన ప్రాణానికి ఇచ్చే విలువ అక్కడ నాయన ప్రాణానికి లేదా?

ట్రాక్టర్ పక్కకు పడడానికి పెద్ద లోయ అక్కర్లేదు. కింది పక్క చక్రం గుంతలో దిగి, పై పక్క చక్రం రాయి ఎక్కితే చాలు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. చిన్న బండి సన్నగా ఉంటుంది కాబట్టి పక్కకు ఒరిగే గుణం దానికీ ఉంది. చిన్నది గదా అని ధైర్యం పనికిరాదు. చక్రాల ఎడం పెంచుకునే వీలు ఉంటుంది, మీ చెట్ల వరసలు ఒప్పుకున్నంత వెడల్పుగా పెట్టించండి. బాగా వాలున్న చోట అడ్డంగా నడపొద్దు, పైకి కిందికే నడపండి. మరీ నిటారుగా ఉన్న చోటుకు బండిని అసలు తీసుకుపోవద్దు. అక్కడ మనిషి పనే, లేకపోతే ఎద్దుల పనే.

వెనక్కి తిరగబడడం ఇంకా ఘోరం. ముందు చక్రాలు లేచినాక సెకను కూడా టైము ఇవ్వదు, దూకుదామంటే కుదరదు. ఇది ఎక్కువగా మొద్దులు, దుంగలు లాగేటప్పుడు జరుగుతుంది. గొలుసును టాప్ లింకుకో, సీటు కిందనో, ఇరుసుకో కడతారు. లాగే బలం పైన పడుతుంది, దుంగ కదలదు, బండి తన మీద తనే తిరగబడుతుంది. గొలుసు ఎప్పుడూ కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. నిటారు మిట్ట ఎక్కాల్సి వస్తే, వెనక బరువు లేనప్పుడు రివర్స్‌లో ఎక్కడం మంచిది.

రోల్ బార్ అంటే డ్రైవర్ వెనక నిలబడే గట్టి ఇనుప చట్రం. బండి పడినా అది నేలకు ఆని మనిషికి చోటు మిగులుస్తుంది. కానీ సీటు బెల్టు పెట్టుకుంటేనే పని చేస్తుంది. బెల్టు లేకపోతే మనిషి ఎగిరి ఆ చట్రం కిందే పడతాడు. ఎండకు వేసే టాపును చూసి ఇదే బార్ అనుకోవద్దు. ఆ రేకు మనిషిని కాపాడదు. ఊరి వెల్డర్ దగ్గర పైపులు అతికించింది కూడా కాపాడదు. కొన్ని మోడళ్లకు కంపెనీ నుంచే వస్తుంది, కొన్నిటికి అడిగి తీసుకోవాలి. కొమ్మలు తగులుతాయంటే మడిచే రకం తీసుకోండి. కొమ్మల కింద మాత్రమే మడవాలి, బయటికి రాగానే నిలబెట్టాలి. మడిచి ఉన్నప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు.

చెట్లల్లో తిరిగే బండికి ఇంకొన్ని చూసుకోండి. సైలెన్సర్ నిలువుగా పైకి ఉంటే కొమ్మలు పీకేస్తాయి, కింది పక్కకు ఉంటే మేలు. అట్లా కింద ఉన్నప్పుడు ఎండుగడ్డి అక్కడ చేరకుండా దులపాలి, నిప్పు అంటుకుంటుంది. రేడియేటర్ ముందు జాలి గట్టిగా ఉండాలి. పీటీవో షాఫ్టు మీద ప్లాస్టిక్ కవర్ ఎవరు తీసేసినా ఊరుకోవద్దు. అది నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, పంచె కొంగు దొరికితే మనిషి మిగలడు. 24 హెచ్‌పీ బండికి మూడు, మూడున్నర అడుగుల రోటవేటర్ చాలు. ఈ సైజు బండ్లు వెనక ఎత్తే బరువు మామూలుగా 750 కిలోల దగ్గర ఉంటుంది. ఐదడుగుల రోటవేటర్ తగిలిస్తే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు పట్టు ఉండదు.

ట్రాలీ విషయంలో కూడా అంతే. బ్రేకులు లేని నిండు ట్రాలీ వాలులో చిన్న బండిని వెనక నుంచి తోసేస్తుంది. అర లోడుతో రెండు సార్లు తిరగండి. ట్రాలీలో కూలీలను ఎక్కించొద్దు. అది మనుషుల కోసం చేసింది కాదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా మీ మాట చెల్లదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఐదెకరాల తోట ఉంది, ఏడాదికి నాలుగు సార్లు దున్నుతారు, ఎకరాకు రెండు గంటలు అనుకుందాం. మొత్తం 40 గంటలు. ఏడాదికి 40 గంటల పని కోసం లక్షల బండి షెడ్డులో పెట్టుకోవాలా? మీ ఊర్లో గంట బాడుగ ఎంతో అడగండి, 40తో గుణించండి, బండి కిస్తీ పక్కన పెట్టి చూడండి. చానా మందికి బాడుగే చౌక అని తేలుతుంది. బండి కావాల్సింది పది పదిహేను ఎకరాలు ఉన్నవాళ్లకు, లేదా పక్క తోటల పని ఖాయంగా దొరికేవాళ్లకు, లేదా ముగ్గురు నలుగురు అన్నదమ్ములు కలిసి తీసేవాళ్లకు. కిస్తీ బండి సంపాదన మీద కట్టేటట్టు ఉండాలి, మన జీతం మీద కాదు. మన వీసా ఎప్పుడేమవుతుందో ఎవరికి తెలుసు?

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కొటేషన్‌లో అది కనబడాలి. వ్యవసాయ యంత్రాల కేంద్ర పథకంలో సన్న, చిన్నకారు రైతులకు, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం వరకు, మిగతావాళ్లకు 40 శాతం వరకు, ఒక పరిమితి లోపల సబ్సిడీ ఉంది. ప్రతి ఏడాదీ ప్రతి మండలానికీ ట్రాక్టర్ వస్తుందని లేదు. ఆంధ్రాలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో ఏఈఓ దగ్గర కొనక ముందే అడిగించండి. కొన్నాక అడిగితే లాభం లేదు. పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందో అది కూడా చూసుకోండి.

షోరూమ్ ముందు వీడియో కాల్‌లో చూసి డబ్బు పంపొద్దు. డెమో బండిని మీ తోటకే తెప్పించమనండి. నడపబోయేది నాయనో తమ్ముడో, అతన్ని కూర్చోబెట్టి మీ వాలులోనే నడిపించండి. కాళ్లు పెడళ్లకు అందుతాయా, లోడుతో మిట్ట ఎక్కుతుందా, చెట్ల మధ్య తిరుగుతుందా, అన్నీ అక్కడే తేలిపోతాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, చూసుకోవడం రైతులకు నేర్పిస్తారు. బండి రాకముందే ఇంట్లో ఒకరిని అక్కడికి పంపండి.

చివరగా, పట్టా నేల అయినా చెట్లు కొట్టే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. ఎర్రచందనం మొక్క ఉంటే అటవీ శాఖ కాగితం లేకుండా చెయ్యి పెట్టొద్దు.

బండి ఎంత పెద్దదో ఊరు నాలుగు రోజులు చెప్పుకుంటుంది. నడిపే మనిషి సాయంత్రం క్షేమంగా ఇంటికి వచ్చాడా అని ఇంట్లోవాళ్లు రోజూ ఎదురుచూస్తారు. మీ డబ్బు ఆ రెండో దాని కోసం పెట్టండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు ముందు ఒక్క ప్రశ్న అడగండి: బార్ ఉందా, బెల్టు పెట్టుకుంటున్నారా? ఇప్పటికే బండి ఉన్నవాళ్లు కూడా ఈ రాత్రే అడగండి.