వేరే పెట్టిన గ్లాసు

బట్టల కొట్టులో గుమాస్తాగా వున్న ఒక క్రైస్తవ యువకుడు నాకు ఉత్తరం రాశాడు. "నాకు వాక్యం చెప్పడం చేతకాదు. నలుగురి ముందు నోరు పెగలదు. పొద్దుటినుంచి రాత్రిదాకా గుడ్డ కొలవడమే నా పని. నాబోటివాడి భక్తి వల్ల ఇతరులకు ఒరిగేదేమిటండీ?" అని అతని ప్రశ్న. నేను క్రైస్తవుణ్ణి కాను. ఈ మాట అడగవలసింది పాదిరిగారిని. అయినా నన్నే అడిగాడు గనుక, నా ఎరికలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మాది కలికిరి. 1958లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా నాయనకు దగ్గు పట్టుకుంది. కషాయాలయ్యాయి, తాయెత్తులయ్యాయి. ఒకనాడు దగ్గులో నెత్తురు పడింది. క్షయ అన్న మాట ఎవరూ పైకి అనలేదు గాని, సాయంత్రం మా తిన్నె మీద చేరేవాళ్లు రావడం మానేశారు. మంగలి ఇవాళ రేపంటూ తప్పించుకు తిరిగాడు. మా అవ్వ ఆయనకొక కంచం, ఒక గ్లాసు వేరే పెట్టింది. కన్నకొడుకు గదా, ఏడుస్తూనే పెట్టింది.

మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగి, జట్కా కట్టించుకుని ఆరోగ్యవరం చేరాం. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో పెట్టిన క్షయ శానిటోరియం అది. డెన్మార్కునుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్‌గారు దానికి మొదటి పెద్ద డాక్టరు. తరువాత నడిపిన బెంజమిన్‌గారు కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారుగా ఢిల్లీ వెళ్లారు. మన దేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైంది కూడా మదనపల్లెలోనే. మందు లేని రోజుల్లో అక్కడి వైద్యమంతా విశ్రాంతీ, గాలీ, మంచి తిండీను. నాయన వెళ్లేనాటికి సూదిమందూ మాత్రలూ వచ్చేశాయి, అది మా అదృష్టం. ఇంటి దగ్గరే వుంచి మందులిచ్చినా జబ్బు అంత బాగానూ కుదురుతుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో తేల్చింది. క్షయ అంటుకునేది దగ్గు తుంపరలతో గాలిలో. గ్లాసు వేరే పెట్టినందువల్ల మాకు కలిగిన రక్షణ ఏమీ లేదు!

నాయన వున్న వార్డులో ఒకామె వుండేది. నర్సు కాదు, ఊడ్చి తుడిచే ఆయా. రోగులు మర్యాదకు సిస్టరమ్మ అనేవాళ్లు. ఆ రోజుల మాటలో చెప్పాలంటే, మా వైపు హరిజనవాడలో పుట్టిన మనిషి. నోరు కాస్త దురుసు. కఫం గిన్నెకు మూత పెట్టకపోయినా, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోకపోయినా, చిన్నా పెద్దా లేదు, దులిపేసేది. కాని ఆ గిన్నె ఎత్తేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది కాదు. మా అమ్మ కనిపెట్టింది అది. "మనవాళ్లే తిప్పుకున్నారే!" అని చాలాసార్లు అనేది. నాయన ఒకసారి రూపాయి ఇవ్వబోతే, దాన్ని దిండు కింద పెట్టేసి, "గుడ్లు తెప్పించుకుని తినయ్యా" అందట. మతం సంగతి ఆమె ఒక్కనాడూ ఎత్తలేదు.

అబ్బాయీ, రెండో వైపు కూడా విను. తరువాత వేరే ఊళ్లో మేము కట్టెలు కొన్న అడితి యజమానీ క్రైస్తవుడే. చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. తూకంలో మణుగుకు రెండు వీశెలు తరుగు. "సిస్టరమ్మ దేవుడూ ఈయన దేవుడూ ఒకడేనా?" అన్నాడు నాయన. గుడ్డ కొలిచే నీకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు.

1960 ఎండాకాలం. నాయన ఇల్లు చేరి యేడాదైంది. సిస్టరమ్మ చుట్టాల పెళ్లికి మా వైపు వచ్చి, ఆయన్ను చూసిపోదామని మిట్టమధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. తిన్నె కిందనే నిలబడి మంచినీళ్లడిగింది. అవ్వ లోపలికి పోయి చెంబు తెచ్చి నా చేతికిచ్చింది. ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. ఊళ్లో రోజూ చూసిందే గదా. తిన్నె మీద నిలబడి పైనుంచి పోశాను. ఆమె వంగి దోసిలి పట్టి తాగింది. అప్పుడామె మొహం ఎలా వుందో నేను చూడలేదు, నీళ్లధారనే చూస్తున్నాను. "చాలు నాయనా" అంది.

అంతలో నాయన బయటికి వచ్చాడు. చెంబు చూశాడు, నన్ను చూశాడు. "పైకి రామ్మా, కూర్చో" అన్నాడు. ఆమె రాలేదు. "మాత్రలు మానలేదు గదయ్యా?" అని అడిగి, డబ్బా తెప్పించి చూసుకుని మరీ వెళ్లింది.

ఆ రాత్రి అన్నం దగ్గర నాయన తన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. జబ్బు కుదిరినా అది ఇంకా వేరే గూట్లోనే వుండేది. "అమ్మా, రేపటినుంచి నేనూ దోసిలి పట్టనా?" అన్నాడు. అవ్వ బదులు చెప్పలేదు. తెల్లవారి చూస్తే గూట్లో గ్లాసు లేదు. తక్కినవాటితో కలిపి తోమి బోర్లించి వుంది. ఏది నాయనదో ఆ తరువాత ఎవరమూ పోల్చుకోలేకపోయాం.

అవ్వ పూర్తిగా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మరుసటి యేడు విత్తనాల చెనిక్కాయలు ఒలవడానికి వచ్చిన ఒక కూలామెకు గ్లాసుతో నీళ్లిచ్చింది, అది నేను చూశాను. సిస్టరమ్మ మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆమె అసలు పేరు నాయనకు తెలిసే వుంటుంది. నేనే ఎన్నడూ అడగలేదు.