వినికిడి పరీక్షకూ మన భాష కావాలి

వినికిడి పరీక్షలో హెడ్‌ఫోన్‌లో వినిపించిన మాటను తిరిగి చెప్పమంటారు. బెంగళూరు వీధులు ఊడ్చే మన తెలుగు తల్లికి అంతంతమాత్రంగా వచ్చిన కన్నడలో ఆ మాటలు వినిపిస్తే, లోపం చెవిదో భాషదో ఎలా తెలుస్తుంది? వినపడని బిడ్డకు మాటలు నేర్పడానికీ ఇంటి భాషే ఆధారం.

అందుకే ఇంటర్, పీయూసీలో సైన్సు చదివే మన పిల్లలు ఆడియాలజిస్టు వృత్తి గురించి ఆలోచించాలని కోరుతున్నాం. బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో, ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థలో ఈ చదువు ఉంది. పట్టా వచ్చాక భారత పునరావాస మండలిలో పేరు నమోదు తప్పనిసరి.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నేర్చిన యువతీయువకులారా, రెండు భాషల్లోనూ ఈ సేవ చేయగలిగింది మీరే. ప్రతి సంఘం నుండి ఒక్కరైనా దరఖాస్తు చేయాలి. ఫీజుకు పెద్దలు తోడు నిలవాలి.